పాత ఇంటి బాత్రూంలో లైటు ఎప్పుడు పోతోంది?

బాత్రూంలో లైటు వెలగకపోతే ఎవరైనా మొదట చేసే పని బల్బు మార్చడం. కొత్తది నాలుగు రోజులు బాగానే వెలుగుతుంది. తర్వాత మినుకుమినుకుమంటుంది, ఇంకో వారానికి పోతుంది. ‘ఈ కంపెనీ బల్బులు దండగ’ అనుకుని ఇంకో కంపెనీది తెస్తారు. అదీ అంతే. ముప్పై నలభై ఏళ్ళ కిందట కట్టిన ఇంట్లో ఇలా రెండుసార్లు జరిగాక ఇంకా బల్బునే అనుమానించడంలో అర్థం లేదు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసేముందు ఇంట్లోవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. లైటు ఎప్పుడు పోతోంది? వాన పడ్డ రోజా, గీజర్ వేసినప్పుడా, స్నానం మధ్యలోనా? లేక స్విచ్ ఆపేశాక కూడా సన్నగా వెలుగుతూనే ఉందా? లోపం ఎక్కడుందో ఆ వేళలను బట్టే చాలావరకు పట్టుకోవచ్చు.

పాత ఇళ్ళలో బాత్రూం లైటుకే ఈ తిప్పలు ఎందుకంటే, అది మొదటినుంచీ ఆఖరి పిలుపు లైటు. 1970, 80ల నాటి ఇళ్ళలో చాలాచోట్ల బాత్రూం అసలు ఇంట్లో ఉండేదే కాదు. పెరట్లో, బావి పక్కన, ప్రహరీ గోడను ఆనుకుని ఉండేది. కరెంటు పెట్టించినప్పుడు హాలుకి, గదులకి, వంటింటికి లైన్లు వేసి, బాత్రూంకి మాత్రం వెనక వరండా లైటు నుంచో వంటింటి బోర్డు నుంచో ఒక వైరు సాగదీసేవారు. తర్వాత ఏదో ఒక ఏడాది మధ్యలో గోడ కట్టి ఆ బాత్రూంను ఇంట్లో కలుపుకున్నారు. ఇంకో ఏడాది టైల్స్ వేయించారు. మరో ఏడాది గీజర్ వచ్చింది. వైరు మాత్రం ఆనాటిదే. టైల్స్ వేయించిన మేస్త్రీ దాని మీదే సిమెంటు పూసి వెళ్ళిపోయాడు కాబట్టి, అది ఎటునుంచి ఎటు వస్తోందో ఇప్పుడు ఇంటి యజమానికి కూడా తెలియదు.

ఆ వైరు అల్యూమినియంది కావడానికి అవకాశం బాగా ఉంది. రాగి కొరతగా ఉన్న ఆ దశాబ్దాల్లో ఇళ్ళ వైరింగుకి అల్యూమినియం విరివిగా వాడారు. అల్యూమినియంతో చిక్కు వైరు మధ్యలో రాదు, కొసల దగ్గరే వస్తుంది. గాలి తగలగానే దాని మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. పైగా మెత్తటి లోహం. స్క్రూ కింద బిగించిన చోట నెమ్మదిగా నలిగి పలచబడుతుంది. వేడెక్కినప్పుడు సాగి, చల్లారినప్పుడు ముడుచుకుని, ఏళ్ళు గడిచేసరికి ఎవరూ ముట్టుకోకుండానే స్క్రూ వదులవుతుంది. దానికి తర్వాతెప్పుడో రాగి వైరు మెలిపెట్టి నల్లటేపు చుట్టి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. తడి తగిలిన చోట రాగి పక్కనున్న అల్యూమినియం తినేసినట్టు పొడిపొడి అవుతుంది. అంతకన్నా పాత ఇళ్ళలో చెక్క బద్దల మీద క్లిప్పులతో లాగిన రబ్బరు వైర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రబ్బరు ఎండిపోయి, వంచితే అప్పడంలా పెటపెట విరిగిపోతుంది. పని చేస్తున్నంతసేపూ దాన్ని కదపకపోవడమే మేలు, కదిపితే మాత్రం మొత్తం మార్చేయాల్సిందే.

ఇక వేళల సంగతి. లైటు వేయగానే బాగానే వెలిగి, స్నానం సగంలో ఉండగా ఆరిపోయి, పావుగంట తర్వాత మళ్ళీ వెలిగితే అది వేడికి సంబంధించిన జబ్బు. ఎల్‌ఈడీ బల్బు మెడలో చిన్న సర్క్యూటు ఉంటుంది. గాలాడని గాజు డోములో బిగిస్తే ఆ వేడి బయటికి పోక సర్క్యూటు నీరసిస్తుంది. అందులోని కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఎండిపోయాక వెలుగు అదరడం మొదలవుతుంది. ఇది తేల్చుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. అదే బల్బును పడకగదిలో పెట్టి ఒక గంట వెలిగించాలి. అక్కడా ఆరిపోతే బల్బు పోయినట్టే. అక్కడ నిక్షేపంగా వెలిగితే బల్బును వదిలేసి డోమునీ హోల్డర్‌నీ చూడాలి.

మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది గుచ్చి తిప్పే రకం హోల్డర్, బీ22 అంటారు. లోపల స్ప్రింగుల మీద రెండు ఇత్తడి పిన్నులుంటాయి. ఇరవై ఏళ్ళపాటు అరవై, వంద వాట్ల బల్బుల వేడికి కాగిన బేకలైటు (హోల్డర్ చేసే గట్టి ప్లాస్టిక్) పెళుసుబారుతుంది, స్ప్రింగు బలం తగ్గుతుంది, పిన్నుల కొసలు నల్లగా మాడుతాయి. ఎల్‌ఈడీ బల్బు పాత ఫిలమెంటు బల్బు కన్నా బరువు. గోడకున్న యాంగిల్ హోల్డర్‌లో అది ముందుకు వాలి, ఒక పిన్ను అంటీ అంటనట్టు ఉండిపోతుంది. బల్బును కొంచెం కదిపితే వెలిగి వదిలేస్తే ఆరిపోవడం దీని గుర్తు. చాలామంది కాగితం ముక్క మడిచి పక్కన దోపి నెట్టుకొస్తుంటారు! విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో దీనికి ఉప్పుగాలి తోడై ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. గరుకు కాగితంతో రుద్దితే నెల రోజులు ఆగుతుంది, అంతకుమించి ఆగదు. హోల్డర్ ఖరీదు బల్బు ఖరీదంత కూడా ఉండదు కాబట్టి దాన్ని బాగుచేసుకుంటూ కూర్చోవడం వృథా.

వాన పడ్డ రోజునో మర్నాడో లైటు పోతుంటే కథ పైన ఉంది. కన్సీల్డ్ వైరింగ్ ఉన్న ఇంట్లో స్లాబులో వేసిన పీవీసీ పైపు నీటికి మంచి కాలువ. డాబా మీద ఎక్కడో పగులులోంచి దిగిన నీరు పైపు దొరకబుచ్చుకుని, పది అడుగులు ప్రయాణించి, అన్నిటికన్నా దిగువనున్న లైటు పాయింటులో బయటపడుతుంది. అపార్టుమెంట్లలోనైతే వానతో కూడా పని లేదు. బాత్రూం మీద బాత్రూం ఉంటుంది కనుక పై ఫ్లాటులో నహానీ ట్రాప్ (బాత్రూం నేల మీది నీళ్ళు పోయే జాలీ, దాని కింది గొట్టం) కారుతుంటే, పైవాళ్ళు స్నానం చేసిన ప్రతిసారీ కిందవాళ్ళ లైటు మిణుకుతుంది. డోము విప్పితే లోపల గ్లాసుడు నీళ్ళు ఉన్న సందర్భాలూ లేకపోలేదు. డోములో నీటి చారలు, లైటు చుట్టూ సీలింగు మీద గోధుమరంగు మరక కనిపిస్తే ముందు ఆ లైను ఫ్యూజో ఎంసీబీయో (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్) దించేయాలి. ఇక్కడ ఎలక్ట్రీషియన్ కన్నా ముందు పిలవాల్సింది ప్లంబర్‌ని, లేదా డాబాకి వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్ళని. నీటి దారి మూయకుండా వైరు మార్చినా వచ్చే వానాకాలానికి మళ్ళీ మొదటికి వస్తుంది.

తడి లోపలికి పోయిందా లేదా అన్నది కంటితో తేలకపోతే మెగ్గర్ అనే పరికరం తేలుస్తుంది. లైను పూర్తిగా ఆపి, బల్బు తీసేసి, వైర్ల మధ్య 500 వోల్టుల డీసీ ఇచ్చి ఇన్సులేషన్ నిరోధం కొలుస్తారు. ఒక మెగోమ్ కన్నా తక్కువ వస్తే ఆ వైరును నమ్మకూడదు. వీధి చివర ఎలక్ట్రీషియన్లందరి దగ్గరా మెగ్గర్ ఉండదు. ఉన్నవాణ్ణి వెతికి పిలిపించుకుంటే రెండు గోడలు పగలగొట్టే ఖర్చు తప్పొచ్చు.

గీజర్ వేసినప్పుడు లైటు మసకబారడం చాలా ఇళ్ళలో ఎవరూ పట్టించుకోని సంగతి. ‘లోడు పడింది కదా’ అని సరిపెట్టుకుంటారు. రెండు కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడో ఒక జాయింటు వదులై, అక్కడ ఒక్క ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. వోల్టేజీ ఎనిమిది వోల్టులే తగ్గుతుంది, అదేమంత లెక్కలోది కాదు. కానీ ఆ ఒక్క జాయింటు దగ్గర దాదాపు 70 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలం అరవై వాట్ల బల్బు వెలుగుతుంటే ముట్టుకోలేం కదా, అంతకు మించిన వేడి గోడలో, నల్లటేపు చుట్టిన జాయింటులో, రోజూ పొద్దున్నే అరగంట. కాలిన బేకలైటు వాసన, స్విచ్‌బోర్డు చుట్టూ పసుపుబారిన సున్నం దీని ఆనవాళ్ళు. అసలు గీజర్ లైటు లైన్లో ఉండటమే తప్పు. దానికి మీటరు బోర్డు నుంచి 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడిగా లైను, 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి.

ఇక్కడ ఎల్‌ఈడీ చేసిన చిన్న మోసం ఒకటుంది. ఫిలమెంటు బల్బు దానికదే ఒక వోల్టు మీటరు. వోల్టేజీ ఐదు శాతం తగ్గితే దాని వెలుగు సుమారు పదిహేను శాతం తగ్గుతుంది, కంటికి తెలిసిపోతుంది. 2015లో కేంద్రం చౌకగా ఈ బల్బులిచ్చే ఉజాలా పథకం మొదలుపెట్టాక కొద్ది సంవత్సరాల్లోనే ఇంటింటా ఎల్‌ఈడీలు వచ్చేశాయి. కరెంటు బిల్లు తగ్గింది, మంచిదే. కానీ నాణ్యమైన ఎల్‌ఈడీ వోల్టేజీ ఎక్కువ తక్కువలను సర్దుకుని ఒకేలా వెలుగుతుంది. దాంతో వదులు జాయింటు గోడలో కాగుతున్నా బల్బులో జాడ ఉండదు. మీటరు బోర్డు దగ్గర వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. చౌక ఎల్‌ఈడీ అదిరి అదిరి కనీసం హెచ్చరిస్తుంది, ఆ మేరకు అదే నయం.

మసకబారేది బాత్రూం లైటు ఒక్కటేనా, ఇల్లంతానా అన్నది కూడా చూడాలి. ఒక్కటే అయితే లోపం బాత్రూం లైన్లో ఉంది. ఇల్లంతా అయితే మీటరు దగ్గరో, కటౌట్ (సర్వీసు ఫ్యూజు) దగ్గరో, స్తంభం మీదో ఉంది. ఇక గీజరో మోటారో వేసినప్పుడు ఏ గదిలోనైనా లైటు మసకబారకపోగా ఇంకా ఎక్కువ వెలిగినా, ఫ్యాను ఉన్నట్టుండి వేగం పెంచినా వెంటనే మెయిన్ దించేయాలి. మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇంట్లో గానీ, బయట స్తంభం మీద గానీ న్యూట్రల్ తెగితే ఇలా అవుతుంది. ఫేజు అంటే కరెంటు వచ్చే వైరు, న్యూట్రల్ అంటే అది తిరిగి వెళ్ళే వైరు. రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను ఇంట్లోని వస్తువులు తలా ఇంత పంచుకుంటాయి, తక్కువ లోడున్న వైపు ఎక్కువ వోల్టేజీ పడుతుంది. బల్బులు, టీవీ, ఫ్రిజ్ వరసగా పోయేది అప్పుడే. అది ఎలక్ట్రీషియన్ పని కూడా కాదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని రప్పించాలి.

స్విచ్ ఆపేసినా ఎల్‌ఈడీ రాత్రంతా సన్నగా మెరవడం, లేదా కొన్ని సెకన్లకోసారి టక్కున మెరిసి ఆరిపోవడం వల్ల కొన్ని ఇళ్ళలో దయ్యం కథలు కూడా పుట్టాయి. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా పారే అతి సూక్ష్మమైన కరెంటు చాలు, ఎల్‌ఈడీలోని కెపాసిటర్ కొద్దికొద్దిగా నిండి ఒక్కసారి మెరుస్తుంది. ఫిలమెంటు బల్బులోనూ ఆ కరెంటు పారేది, కాకపోతే ఫిలమెంటు ఎర్రబడటానికి అది చాలేది కాదు. ఇండికేటర్ వల్ల అయితే ప్రమాదం లేదు. ఇండికేటర్ లేకుండానే ఇలా మెరుస్తుంటే మాత్రం స్విచ్ ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో ఉందేమో చూడాలి. అప్పుడు స్విచ్ ఆపితే లైటు ఆరుతుంది గానీ హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. స్విచ్ ఆపేశాం కదా అని తడికాళ్ళతో స్టూలెక్కి బల్బు తిప్పే మనిషికి అదెంత ముప్పో వేరే చెప్పాలా! తడిసిన శరీరం నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీయాంపులు పారతాయి. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

ఇలా తారుమారు ఎలా అవుతుంది? మొదట వేసినవాడే రెండూ ఒకే రంగు వైర్లు వాడి ఉండొచ్చు. పాత పద్ధతి ప్రకారం ఎరుపో పసుపో నీలమో ఫేజుకి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్తుకి వాడాలి. చేతికందిన వైరు లాగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇంకో దారి కూడా ఉంది. గాలివానకి సర్వీసు వైరు తెగి, కొత్తది కలిపినప్పుడు ఫేజు, న్యూట్రల్ అటుదిటు ఇటుదటు అయితే ఇంట్లో స్విచ్‌లన్నీ ఒక్క రాత్రిలో న్యూట్రల్ స్విచ్‌లైపోతాయి. పైకి అన్నీ మామూలుగానే పనిచేస్తుంటాయి.

దీనికి తోడు చాలా పాత ఇళ్ళలో మీటరు పక్కన తెల్లటి పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు జంటగా ఉంటాయి, ఒకటి ఫేజుకి, ఒకటి న్యూట్రల్‌కి. న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టకూడదని 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ అన్నా గోడల మీద అవి అలాగే మిగిలిపోయాయి. న్యూట్రల్ ఫ్యూజు కాలిపోతే ఇల్లంతా చీకటి. కరెంటు పోయిందనుకుంటారు, కానీ ప్రతి హోల్డర్‌లోనూ ఫేజు కూర్చునే ఉంటుంది. దాని స్థానంలో తీగ ముక్క కాకుండా నట్టు బిగించే న్యూట్రల్ లింకు వేయించుకోవాలి.

న్యూట్రల్ పోయినప్పుడు టెస్టర్ చేసే మాయ కూడా తెలిసి ఉండాలి. స్క్రూడ్రైవర్‌లాంటి నియాన్ టెస్టర్ ఫేజు ఉందని చెబుతుంది, న్యూట్రల్ ఉందో లేదో చెప్పదు. ‘కరెంటు వస్తోంది సార్, బల్బే పోయింది’ అని చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. బోర్డులో ఫేజు పాయింటు దగ్గరే కాకుండా న్యూట్రల్ పాయింటు దగ్గర కూడా టెస్టర్ వెలిగిందంటే న్యూట్రల్ ఎక్కడో తెగినట్టు. ఏదో ఒక లైటు లోపలినుంచి తిరిగొచ్చిన ఫేజే అక్కడ కనిపిస్తోంది. అలాగే ఎటూ కలపకుండా వదిలేసిన వైరులో పక్క వైరు ప్రభావంతో పుట్టిన దొంగ వోల్టేజీకి కూడా టెస్టర్ వెలుగుతుంది, డిజిటల్ మల్టీమీటరు కూడా ఎనభై, వంద చూపిస్తుంది. అందుకే పాతతరం ఎలక్ట్రీషియన్లు సంచిలో ఒక హోల్డరు, రెండు వైర్లు, ఒక ఫిలమెంటు బల్బు ఉంచుకుంటారు. టెస్ట్ ల్యాంప్ నిండుగా వెలిగితేనే ఫేజు, న్యూట్రల్ రెండూ నిజంగా ఉన్నట్టు. ఎల్‌ఈడీతో ఆ పరీక్ష చేస్తే ఫలితాన్ని నమ్మలేం.

ఇంట్లోవాళ్ళు స్వయంగా చేయదగ్గవి తక్కువే: బల్బు ఇంకో గదిలో పెట్టి చూడటం, మెయిన్ దించి డోము విప్పి తడి ఉందేమో చూడటం, ఎంసీబీ పడిందేమో చూడటం, ఏ వేళకి ఏం జరిగిందో ఓ కాగితం మీద రాసిపెట్టుకోవడం. స్విచ్‌బోర్డు విప్పడం మాత్రం వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్ళకే వదిలేయాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ కాగితం మరీ అవసరం. ‘లైటు సరిగా లేదండీ’ అంటే ఓనరు బల్బు కొనిచ్చి పంపిస్తాడు. ‘గీజర్ వేసినప్పుడల్లా బోర్డు కాలుతున్న వాసన వస్తోంది’ అంటే మనిషిని పంపిస్తాడు.

మరమ్మతు విషయానికొస్తే, గోడలోని పాత వైరు కొసలు వెతికి అతుకులేయడం కన్నా మీటరు బోర్డు నుంచి బాత్రూంకి కొత్తగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మూడు తీగలతో లాగడం చౌక. టైల్స్ పగలగొట్టనక్కర్లేదు, గోడ మీద పీవీసీ కేసింగ్‌లో తీసుకెళ్ళొచ్చు. చూడ్డానికి అంత అందంగా ఉండదని ఇంట్లో ఎవరో ఒకరు సణుగుతారు. సణగనివ్వండి, రేపు తేడా వస్తే మూత తీసి చూడొచ్చు. స్విచ్ తలుపు బయటే ఉండాలి. పాతకాలం వాళ్ళు అలాగే పెట్టేవారు, మధ్యలో రీమోడలింగ్ మోజులో లోపలికి తెచ్చుకున్నారు. లైటు నీటి తుంపర తట్టుకునే రకం, అంటే ఐపీ44 లేదా అంతకు మించిన రేటింగ్ ఉన్నది తీసుకుంటే ఆవిరి బెడద తగ్గుతుంది.

ఎర్త్ లేని ఇంట్లో సాకెట్టు ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి ‘ఎర్త్ ఇచ్చేశా’ అనే మహానుభావులున్నారు. ఆ న్యూట్రల్ ఎప్పుడైనా వదులైతే గీజర్ ఒంటికి ఫేజు వచ్చేస్తుంది. దీన్ని ఎక్కడ చూసినా వెంటనే విప్పించాలి.

30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించడం వీటన్నిటికన్నా ముఖ్యం. ఎంసీబీ ఉంది కదా అనుకుంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీ 230 మిల్లీయాంపుల షాకును గుర్తించనే గుర్తించదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్ళిన కరెంటునీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునీ పోల్చి, తేడా వస్తే పడిపోతుంది. ఎర్త్ సరిగా లేని ఇంట్లో కూడా మనిషి గుండా లీకైన కరెంటును పట్టుకుంటుంది.

అయితే పాత ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి రోజే పేచీ వస్తుంది. బాత్రూం లైటు వేయగానే టక్కున పడిపోతుంది. వస్తువే చెడ్డదని తీసి పక్కన పెట్టేస్తారు. నిజానికి అది ఇన్నాళ్ళూ దాగి ఉన్న తప్పును చూపించింది. బాత్రూం లైటుకి ఫేజు వరండా బోర్డు నుంచి, న్యూట్రల్ వంటింటి నుంచి తీసుకుని ఉంటారు. ఆర్‌సీసీబీ ఒక్క వైపు లైన్లకే పెడితే వెళ్ళిన కరెంటు దానిగుండా తిరిగి రాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ కూడా 40 మిల్లీయాంపులకు తగ్గకుండా లాగుతుంది, అది పడిపోవడానికి అంత చాలు. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉంటే ఈ అరువు న్యూట్రల్ బయటపడదు. లైటు సంగతి తేలాక కూడా పడుతుంటే గీజర్‌ని అనుమానించాలి. బోరు నీటి ఉప్పు పేరుకుని ఎలిమెంటు పగిలితే నీటిలోకి కరెంటు లీకవుతుంది. గీజర్ ప్లగ్గు పీకి చూస్తే తెలుస్తుంది.

అన్నదమ్ములు భాగాలు పంచుకున్న ఇళ్ళలో ఈ అరువు గోడ దాటుతుంది. ఇల్లు ఒకటే, పంపకాల తర్వాత మీటర్లు రెండు. పెరటి బాత్రూం తమ్ముడి వాటాకి వచ్చింది గానీ దాని న్యూట్రల్ ఇంకా అన్న వంటింట్లోంచే వస్తోంది. తమ్ముడు తన మెయిన్ దించి, కరెంటు లేదన్న ధీమాతో హోల్డర్ విప్పుతాడు. అన్న ఇంట్లో మిక్సీ స్విచ్ వేసి ఉండి, అటువైపు న్యూట్రల్ ఎక్కడైనా ఊడి ఉంటే, ఈ న్యూట్రల్ కొసకి అన్న మిక్సీ లోంచి ఫేజు వచ్చి కూర్చోవచ్చు. అలాంటి ఇంట్లో బాత్రూం లైటు ముట్టుకునేముందు గోడకవతల వాళ్ళకి కేకేసి, రెండు వైపులా మెయిన్‌లు దించి, టెస్టర్‌తో రెండు వైర్లూ చూసుకున్నాకే స్క్రూ తిప్పాలి.